కారు చార్జింగ్ వోల్టేజీ చూడటానికి ఏ మీటరు కొనాలి?

ఒకే కారు, ఇంజిన్ ఆన్‌లో ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టిన బుల్లి మీటరు 13.6 చూపిస్తోంది. ఫోన్‌లో ఓబీడీ యాప్ (కారు కంప్యూటర్ పోర్టులో పెట్టిన డాంగిల్ నుంచి చదివేది) 13.9 అంటోంది. బానెట్ ఎత్తి బ్యాటరీ మీదే మల్టీమీటర్ (రెండు వైర్లతో వోల్టేజీ కొలిచే చేతి మీటరు) పెడితే 14.2 వచ్చింది. వీటిలో తప్పు ఏది అంటే, ఏదీ కాకపోవచ్చు. ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది, చాలామంది డైనమో అంటారు) దగ్గర పుట్టిన వోల్టేజీ వైర్లు, ఫ్యూజులు, జాయింట్లు దాటుకుంటూ పోయే దారిలో కొంచెం కొంచెం తగ్గుతుంది. ఎక్కడ కొలిస్తే అక్కడి లెక్క వస్తుంది. కాబట్టి మీటరు ధర కన్నా, దాన్ని ఎక్కడ ఆనిస్తున్నాం, ఆ టైములో కారులో ఏమేం ఆన్‌లో ఉన్నాయి అన్నవే పెద్ద విషయాలు.

ఒక్కటే కొనాలంటే మల్టీమీటర్ కొనమంటాను. కానీ అన్ని కార్లకూ అదే మంచి జవాబు కాదు. కొత్త కార్లలో కొన్నింటికి సాకెట్ మీటరో, ఓబీడీ డాంగిలో దానికన్నా ఎక్కువ ఉపయోగపడతాయి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఎంత ఉండాలి?

12 వోల్టుల బ్యాటరీ అంటాం గానీ, లోపల ఒక్కోటీ 2.1 వోల్టుల సెల్స్ ఆరు ఉంటాయి. ఫుల్‌గా చార్జింగ్ ఉన్న బ్యాటరీ, కారు ఆఫ్ చేసి కొన్ని గంటలు అలా వదిలేశాక, 12.6 నుంచి 12.7 దాకా చూపించాలి. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 కన్నా తగ్గిందంటే దాదాపు దిగిపోయినట్టే. ఏజీఎం రకం (యాసిడ్‌ను గాజు పీచు మ్యాట్‌లో పీల్చి ఉంచే) బ్యాటరీ అయితే ఫుల్‌లో 12.8 పైనే ఉంటుంది.

బండి ఆపిన వెంటనే చూస్తే 12.9, 13 కూడా కనిపిస్తాయి. అది ప్లేట్ల పైపైన నిలిచిన చార్జింగ్, నమ్మకూడదు. ఆగేంత ఓపిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపు ఆగి చూడండి.

ఇంజిన్ నడుస్తుండగా, మామూలు ఆల్టర్నేటర్ ఉన్న కారులో, బ్యాటరీ మీద 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే అంతా బాగున్నట్టు. స్టార్ట్ చేసినా రీడింగ్ 12.4 దగ్గరే ఉండి పైకి కదలకపోతే చార్జింగ్ ఎక్కట్లేదు. ఎప్పుడు చూసినా 15 దాటుతుంటే రెగ్యులేటర్, అదే మన మెకానిక్‌లు కటౌట్ అనేది, పోయినట్టు అనుకోవాలి. దాన్ని అలాగే వదిలేస్తే బ్యాటరీలో నీళ్లు ఆవిరైపోతాయి, కుళ్లిన గుడ్ల వాసన కూడా వస్తుంది.

ఎండ సంగతి చాలామంది పట్టించుకోరు. వేడిలో బ్యాటరీ తక్కువ వోల్టేజీకే చార్జింగ్ తీసుకుంటుంది. అందుకే రెగ్యులేటర్ వేడిని బట్టి వోల్టేజీని తగ్గిస్తుంది. మే నెలలో రెంటచింతలలో మిట్టమధ్యాహ్నం దూరం నుంచి వచ్చి ఆపిన కారు 13.7 చూపిస్తే కంగారు పడక్కర్లేదు. అదే కారు డిసెంబరులో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే 14.6 చూపించొచ్చు. రెండూ సరైనవే. ఒక సీజన్‌లో చూసిన రీడింగ్‌ను ఇంకో సీజన్‌తో పోల్చి టెన్షన్ పడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మల్టీమీటర్: మూడు వందలదా, నాలుగు వేలదా?

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే రెండు మూడు వందల రూపాయలకు పసుపు రంగు డీటీ830 రకం మీటర్లు దొరుకుతాయి. వెయ్యి, పదిహేను వందల మధ్య కాస్త గట్టివి వస్తాయి. ఆ పైన ఫ్లూక్ లాంటి కంపెనీలవి. ఈ పనికి ఏది చాలు?

చౌక మీటరు కాగితంలో డీసీ వోల్టేజీకి సాధారణంగా అర శాతం, దానిపైన చివరి స్థానంలో రెండు అంకెల తేడా ఉండొచ్చని రాసి ఉంటుంది. 14.20 దగ్గర అది అటూ ఇటూ 0.09 వోల్టు. అంటే అసలు విలువ 14.11 కావచ్చు, 14.29 కావచ్చు. చార్జింగ్ బాగుందా లేదా అని తేల్చడానికి ఈ తేడా లెక్కలోకే రాదు.

ఆపిన కారు దగ్గర మాత్రం లెక్క మారుతుంది. అదే మీటరు 12.50 చూపిస్తే అసలు 12.42 అయి ఉండొచ్చు, 12.58 అయి ఉండొచ్చు. ఒకటి ముప్పాతిక చార్జింగ్, రెండోది దాదాపు ఫుల్. కాబట్టి బ్యాటరీ ఎంత నిండిందో చూడాలంటే కొంచెం మంచి మీటరు కావాలి. చార్జింగ్ ఎక్కుతోందో లేదో చూడటానికి చౌకది సరిపోతుంది. అమ్మేవాళ్లు ఈ రెంటినీ ఒకే గాటన కట్టి ఖరీదైనది అంటగడతారు.

చౌక మీటర్లతో అసలు ఇబ్బంది కాగితంలో రాసిన ఆ తేడా కాదు. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే ఇవి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. కారులో 14.3 ఉంటే 16 దగ్గర చూపించి గుండె గుభేలుమనిపిస్తాయి. ఓవర్‌చార్జింగ్ అని భయపడి మెకానిక్ దగ్గరికి పరుగెత్తే ముందు మీటరులో కొత్త బ్యాటరీ వేసి మళ్లీ చూడండి.

ఇంకోటి, ప్రమాదకరమైనది: ఎర్ర వైరు గుచ్చే చోటు. కింద మూడు బొక్కలు ఉంటాయి. నల్ల వైరు ఎప్పుడూ కామ్ అని రాసినదాంట్లోనే. ఎర్ర వైరు వీ గుర్తు ఉన్నదాంట్లో ఉండాలి. 10ఏ అని రాసిన దాంట్లో ఉండగా బ్యాటరీకి ఆనిస్తే అది నేరుగా షార్ట్ సర్క్యూట్. చౌక మీటర్లలో ఆ దారికి చాలావాటిలో ఫ్యూజు కూడా ఉండదు. వైర్లు కరుగుతాయి, చేయి కాలుతుంది. ఈ భయమే లేకుండా ఉండాలంటే ఫ్లూక్ 101 లాంటిది చూడొచ్చు. దాంట్లో కరెంటు కొలిచే ఏర్పాటే లేదు కాబట్టి పెట్టకూడని చోట గుచ్చే అవకాశం లేదు. ఇంట్లో ఇంకెవరైనా కూడా వాడతారంటే ఆ డబ్బు దండగ కాదు.

ప్రోబ్ ఎక్కడ ఆనించాలి

స్విచ్చిని డీసీ 20 దగ్గర పెట్టండి. ఉంగరాలు, వాచీ తీసేయండి. చున్నీ, కండువా లాంటివి ఫ్యాన్ దగ్గరికి పోకుండా చూసుకోండి, రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగడం మొదలెట్టొచ్చు. ప్రోబ్ (మీటరు వైరు చివర ఉండే సూది) మొనను బ్యాటరీ సీసపు పోస్టు మధ్యలో గుచ్చినట్టు ఆనించండి. దాని చుట్టూ బిగించిన టెర్మినల్ క్లాంపు మీద కాదు. క్లాంపుకూ పోస్టుకూ మధ్య తెల్లగానో పచ్చగానో బూజులాంటిది పేరుకుని ఉంటే ఆ రెంటి రీడింగూ వేరుగా వస్తుంది. నిజానికి ఆ తేడాయే మీరు వెతుకుతున్న జబ్బు కావచ్చు.

ఇంజిన్ స్టార్ట్ చేసి, ముందు ఏ లోడూ లేకుండా, అంటే లైట్లు, ఏసీ లాంటివి వేయకుండా చూడండి. తర్వాత హెడ్‌లైట్లు హై బీమ్, ఏసీ బ్లోవర్ ఫుల్, వెనక అద్దం డీఫాగర్ వేసి, యాక్సిలరేటర్ కొంచెం నొక్కి 1500 నుంచి 2000 ఆర్‌పీఎం దగ్గర చూడండి. అప్పుడూ 13.5 పైన నిలబడితే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్టే. ఐడిలింగ్‌లో 13 దగ్గరికి పడి, రేజ్ చేస్తే లేచిందంటే పెద్ద తప్పేమీ లేదు, బెల్టు వదులుగా ఉందేమో ఒకసారి చూడండి.

రాత్రి బ్యాటరీ పూర్తిగా దిగిపోయి జంప్ స్టార్ట్ చేసి వచ్చిన కారును వెంటనే కొలిస్తే 13.2 మాత్రమే కనపడొచ్చు. ఖాళీ బ్యాటరీ ఆల్టర్నేటర్ ఇచ్చిన కరెంటంతా మింగేస్తూ ఉంటుంది. అరగంట నడిపి మళ్లీ చూడాలి. ఆ పది నిమిషాల్లోనే "డైనమో వీక్ అయింది" అని తేల్చేసే షాపులు ఉన్నాయి.

ఇక అసలైన పరీక్షకు వద్దాం. బ్యాటరీ మీద 13.3 వస్తోంది, తప్పు ఆల్టర్నేటర్‌లో ఉందా, మధ్యలో వైరులో ఉందా? ఇది తెలియకుండా ఆల్టర్నేటర్ మార్పించుకుని, డబ్బు పెట్టినా బండి మళ్లీ మొరాయించేది ఇక్కడే. ఇంజిన్ నడుస్తూ, లోడ్లన్నీ ఆన్‌లో ఉండగా, ఒక ప్రోబ్‌ను ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన నట్టు మీద, రెండోదాన్ని బ్యాటరీ ప్లస్ పోస్టు మీద పెట్టండి. మీటరు ఆ రెంటి మధ్య తేడా మాత్రమే చూపిస్తుంది. 0.2 లోపు ఉంటే వైరు బాగుంది. 0.6 వచ్చిందంటే ఆల్టర్నేటర్ పాపం తన పని తాను చేస్తోంది, దారిలోనే ఎక్కడో అడ్డం పడుతోంది: వదులైన నట్టు, తుప్పు పట్టిన లగ్, సగం కాలిన ఫ్యూజిబుల్ లింక్ (ఫ్యూజులా పనిచేసే వైరు ముక్క). అలాగే బ్యాటరీ మైనస్ పోస్టుకూ ఆల్టర్నేటర్ ఒంటికీ మధ్య చూడండి. అక్కడ కూడా 0.2 దాటకూడదు. దాటితే బాడీ ఎర్త్ వైరు విప్పి గీకి బిగించాలి. అది వందల్లో అయిపోయే పని.

ఈ పరీక్షలో చౌక మీటరుకూ ఖరీదైన మీటరుకూ తేడా దాదాపు ఉండదు. 0.6 వోల్టులో ఒక శాతం తప్పు చూపినా అది 0.006 మాత్రమే. రెండు చోట్లా విడివిడిగా కొలిచి తీసివేత చేస్తే మాత్రం రెండు తప్పులూ కలిసి వస్తాయి. మూడు వందల మీటరు తన డబ్బును పూర్తిగా రాబట్టేది ఈ ఒక్క పరీక్షలోనే.

చౌకది చేయలేని పని ఒకటుంది. ఆల్టర్నేటర్ లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ పోతే డీసీ మీద ఏసీ అలలు కనపడతాయి. బ్యాటరీ మీద ఏసీ రేంజ్‌లో 0.5 వోల్టు దాటితే అనుమానించాలి. డీటీ830లో ఏసీ రేంజ్ 200 వోల్టుల నుంచి మొదలవుతుంది. పైగా అది డీసీని కూడా ఏసీగా లెక్కేసి 28, 30 అని ఏదో అంకె చూపిస్తుంది. దీనికి తక్కువ ఏసీ రేంజ్ ఉన్న మంచి మీటరే కావాలి.

సాకెట్ మీటరు

చాలా చౌక, బానెట్ ఎత్తక్కర్లేదు, నడుపుతూ కంటి చివరన చూసుకోవచ్చు. దాని బలం అదే. బలహీనత ఏంటంటే, ఆ సాకెట్‌కు వచ్చే వైరు సన్నగా, పొడవుగా ఉంటుంది, మధ్యలో ఫ్యూజు, ఇగ్నిషన్ రిలే ఉంటాయి. ఫోన్ చార్జర్ కలిసి ఉన్న మోడల్ అయితే ఫోన్ పెట్టగానే అంకె ఇంకొంచెం పడిపోతుంది. చాలా కార్లలో తాళం తీస్తే సాకెట్ ఆగిపోతుంది కాబట్టి ఆపిన బ్యాటరీ వోల్టేజీ చూడలేం.

అయినా నేను దీన్ని తీసిపారేయను. ఒకసారి మల్టీమీటర్‌తో బ్యాటరీ మీద చూసి, అదే సమయంలో దీని రీడింగ్ కూడా చూసుకుంటే మీ కారులో ఇది ఎంత తక్కువ చూపిస్తుందో తెలిసిపోతుంది. 0.4 తక్కువ అనుకోండి, ఆ అంకె గుర్తుంటే చాలు. రోజూ 13.8 చూపించేది ఒకరోజు 12.3 అంటే అర్థం అడగక్కర్లేదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ లైటు ఇంత ముందుగా చెప్పదు. చార్జింగ్ కొంచెం తగ్గి 13 దగ్గర వేలాడుతున్నా ఆ లైటు వెలగకపోవచ్చు. రోజంతా రోడ్డు మీద ఉండే ట్యాక్సీ వాళ్లకు ఈ మీటరు పెట్టమని గట్టిగా చెప్తాను.

ఓబీడీ డాంగిల్

స్టీరింగ్ కింద పోర్టులో పెట్టి ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిపేది. ఆ పోర్టులో 16వ పిన్నుకు ఫ్యూజు గుండా బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తుంది. అక్కడ లోడు తక్కువ కాబట్టి సాకెట్ కన్నా ఇది అసలు విలువకు దగ్గరగా ఉంటుంది. కానీ చౌక ఈఎల్ఎం327 నకళ్లలో కొలిచే సర్క్యూట్‌ను సరిగ్గా సరిచేసి ఉండరు. ఒకటి ఎక్కువ చూపిస్తే ఇంకోటి తక్కువ చూపిస్తుంది. కొన్ని యాప్‌లలో ఈ తేడాను సరిచేసుకునే వీలుంది. మీ కారు ఇస్తే 'కంట్రోల్ మాడ్యూల్ వోల్టేజ్' అనే రీడింగ్ పెట్టుకోండి. అది డాంగిల్ కొలిచింది కాదు, కారు కంప్యూటర్ తనకు అందిందని చెప్పే వోల్టేజీ.

వాడటం అయిపోయాక డాంగిల్ పీకేయాలి. తాళం తీసినా ఆ పిన్నులో కరెంటు ఉంటుంది కాబట్టి డాంగిల్ తాగుతూనే ఉంటుంది. బ్యాటరీ బాగుందో లేదో చూడటానికి పెట్టిందే పది రోజులు కదలని కారు బ్యాటరీని దించేస్తుంది.

కొత్త కార్లతో వచ్చే తికమక

ఇప్పటి కార్లలో చాలావాటికి స్మార్ట్ చార్జింగ్ ఉంది. మారుతి ఎస్‌హెచ్‌వీఎస్ లాంటి మైల్డ్ హైబ్రిడ్‌లే కాదు, చాలా బీఎస్6 కార్లలో ఆల్టర్నేటర్ ఎంత వోల్టేజీ ఇవ్వాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. స్టార్ట్ చేయగానే 14.5 ఇచ్చి, బ్యాటరీ నిండుతున్న కొద్దీ 13 కిందికి కూడా దించేస్తుంది. యాక్సిలరేటర్ వదిలి బండి నెమ్మదిస్తున్నప్పుడు మళ్లీ 14.8 దాకా లేపుతుంది. పెట్రోలు ఆదా కోసం ఈ ఏర్పాటు. బ్యాటరీ మైనస్ టెర్మినల్ దగ్గర చిన్న పెట్టె లాంటి సెన్సర్, దాని నుంచి సన్న వైరు కనిపిస్తే మీ కారు ఈ రకమే అయ్యే అవకాశం ఎక్కువ.

ఇలాంటి కారును ఇంటి ముందు ఐడిలింగ్‌లో పెట్టి మల్టీమీటర్‌తో ఒక్కసారి చూసి 12.9 వచ్చింది, ఆల్టర్నేటర్ పోయింది అనుకుంటే పొరపాటు. హెడ్‌లైట్లు వేసి చూడండి. చాలా కార్లలో అప్పుడు వోల్టేజీ 14 దగ్గరికి లేస్తుంది. అన్నిటికన్నా మంచిది, నడుపుతూ అంకె ఎలా మారుతోందో చూడటం. అదీ పక్క సీట్లో ఇంకొకరు ఉండి చూడాలి. ఇక్కడే మల్టీమీటర్ వెనకబడి ఓబీడీ, సాకెట్ మీటర్లు ముందుకొస్తాయి. బ్రేకు వేసినప్పుడు అంకె లేస్తోందంటే చార్జింగ్ వ్యవస్థ మేలుకునే ఉంది.

బ్లూటూత్ మానిటర్, షాపు టెస్టర్

బ్యాటరీ మీదే రెండు వైర్లు బిగించి వదిలేసే చిన్న డబ్బా బ్లూటూత్ మానిటర్. వోల్టేజీని నిత్యం రాసి పెట్టుకుని, ఫోన్ దగ్గరికి రాగానే గ్రాఫ్ చూపిస్తుంది. పిల్లలు విదేశాల్లో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లు నెలకోసారి తీసే కారుకు ఇది బాగా నప్పుతుంది, ఎప్పుడు చార్జర్ పెట్టాలో ముందే తెలుస్తుంది. సెల్ఫ్ కొట్టిన క్షణంలో వోల్టేజీ ఎంతకు పడిందో కూడా పట్టుకుంటుంది. మామూలు మల్టీమీటర్ సెకనుకు రెండు మూడు సార్లే కొలుస్తుంది కాబట్టి ఆ పడిపోవడాన్ని సరిగ్గా పట్టలేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడుతుంటే బ్యాటరీ రోజులు దగ్గర పడ్డట్టు.

వోల్టేజీ ఎంత బాగా కొలిచినా బ్యాటరీలో సత్తువ ఎంతుందో అది చెప్పదు. 12.6 చూపించే ముసలి బ్యాటరీ సెల్ఫ్ కొట్టగానే కుప్పకూలొచ్చు. దానికి షాపులో ఉండే కండక్టెన్స్ టెస్టరే దిక్కు. చీటీ కూడా ప్రింట్ చేసి ఇస్తుంది. చాలా షాపుల్లో డబ్బు తీసుకోరు. అయితే టెస్టు చేసేవాళ్లే కొత్త బ్యాటరీ అమ్మేవాళ్లు కూడా. అందుకని రెండు విషయాలు పక్కనుండి చూడండి. మీ బ్యాటరీ మీద ముద్రించిన సీసీఏ (చలిలో సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు) అంకె, దాని స్టాండర్డ్ (ఎస్ఏఈ, ఈఎన్, డిన్, జిస్‌లలో ఏది) మెషిన్‌లో సరిగ్గా కొట్టారా? ఒకదానికి బదులు ఇంకోటి కొడితే మంచి బ్యాటరీ కూడా ఫెయిల్ అవుతుంది. రెండోది, దిగిపోయిన బ్యాటరీకి 'మార్చాలి' అని వస్తే ముందు ఫుల్ చార్జింగ్ పెట్టి మళ్లీ టెస్టు చేయమని అడగండి. వారంటీలో ఉన్న బ్యాటరీ అయితే చార్జింగ్ పెట్టి చూడందే వాళ్లూ సాధారణంగా మార్చరు.

మూతలు విప్పే రకం బ్యాటరీ ఉన్నవాళ్లకు యాసిడ్ చిక్కదనం (గ్రావిటీ) కొలిచే హైడ్రోమీటర్ ఇంకా పనికొస్తుంది. ఆరు సెల్స్‌లో ఒకదాని యాసిడ్ గ్రావిటీ మిగతావాటికన్నా 0.050 తక్కువ ఉంటే ఆ సెల్ పోయినట్టే. ఎంత మంచి మల్టీమీటరైనా ఏ సెల్ పోయిందో చూపించలేదు.

క్లాంప్ మీటరు (వైరు చుట్టూ దవడలా పట్టి కరెంటు కొలిచేది) కొనమని కొందరు చెబుతారు. కొంటే డీసీ కరెంటు కొలిచేదే తీసుకోండి, చౌకవాటిలో చాలా వరకు ఏసీకే పనిచేస్తాయి. చార్జింగ్ చూడటానికి మాత్రం అది లేకపోయినా గడుస్తుంది.

మీకు ఏది?

ఆరేడేళ్ల పాత కారు, చార్జింగ్ మీద అనుమానం ఉంది అంటే మల్టీమీటర్, వెయ్యి దగ్గరిది. రోజూ తిరిగే బండికి దానితో పాటు సాకెట్ మీటరు. స్మార్ట్ చార్జింగ్ ఉన్న కొత్త కారుకు ఓబీడీ డాంగిల్. కదలని కారుకు బ్లూటూత్ మానిటర్. బ్యాటరీకి మూడేళ్లు దాటి సెల్ఫ్ బరువుగా అందుకుంటోందంటే ఏదీ కొనకండి, ముందు టెస్టర్ ఉన్న షాపుకు వెళ్లండి.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. వాటిలోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, ఆల్టర్నేటర్ బదులు డీసీ కన్వర్టర్ దాన్ని చార్జ్ చేస్తుంది. కారు రెడీ మోడ్‌లో ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో దాని పోస్టుల మీద చూడొచ్చు, సాధారణంగా 13.5 పైనే ఉండాలి. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం ఏ మీటరుతోనూ వెళ్లొద్దు. వాటిలో వందల వోల్టులు ఉంటాయి.